నడవడిక గడి నింపే వారికి ఒక బహిరంగ లేఖ

బడి వదిలిపోయే పిల్లల టీసీల్లో 'నడవడిక' అనే గడిని నింపే మహారాజశ్రీ అధికారి గారికి, తమిళనాడులోని గురుబరపల్లిలో ఫోను ముందు కూర్చుని చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పుకునే ఒక మిస్ నమస్కరించి రాసుకునే విన్నపం.

విషయం: ఆన్‌లైన్ పాఠాల్లో పిల్లల నడవడికను కూడా తమ అధికార పరిధిలోకి తీసుకోవలసిందిగా కోరడం గురించి.

అయ్యా,

తమ చేతి చలవ అందరికీ తెలిసిందే. పదేళ్లు చదివిన బిడ్డ గుణగణాలన్నిటినీ ఒక్క మాటలో తేల్చేస్తారు: 'గుడ్'. బెంచీ మీద పేరు చెక్కినవాడికీ అదే, పక్కవాడికి పెన్సిలు చెక్కి ఇచ్చినవాడికీ అదే. కృష్ణగిరి నుంచి హోసూరు దాకా ఆ గడిలో మరో మాట చూసినవారు నాకింకా తగల్లేదు. ఇంత సమదృష్టి ఉన్న అధికారి సేవలు నా తరగతికీ కావాలనే ఈ లేఖ.

నా తరగతి సాయంత్రం ఏడింటికి. అంటే కాగితం మీద ఏడింటికి. సిప్కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి నాయన ఇంటికొస్తేనే ఫోను వస్తుంది, ఫోను వస్తేనే బిడ్డ వస్తుంది. కాబట్టి 'ఆలస్యంగా వచ్చుట' అనే నేరాన్ని ముందే కొట్టేయమని మనవి. మిగతావి చిత్తగించండి. ఒకడు ఫోనును చెంబుకు ఆనించి పాఠమంతా మాకు ఫ్యాను దర్శనం చేయిస్తాడు. ఒకతి తెర మీద పిల్లి మీసాలు పెట్టుకుని వస్తుంది, ఎక్కాలు మాత్రం తప్పు లేకుండా అప్పజెబుతుంది. ఆ పిల్లి మీద ఏ కేసు పెట్టాలో నాకు తోచడం లేదు. మూడో తరగతి మొనగాడొకడు, ప్రశ్న తన వైపు రాగానే నోరు సగం తెరిచి బిగుసుకుపోతాడు. నెట్‌వర్క్ ఆగిపోయిందని మేం అనుకోవాలి. వాడి వెనక వాకిట్లో కోడి మాత్రం నింపాదిగా నడుచుకుంటూ పోతుంది. ఇక తలుపు చాటు నుంచి జవాబు అందించే అమ్మలు ఉండనే ఉన్నారు. అమ్మ తెలుగులో గుసగుసలాడుతుంది, బిడ్డ ఇంగ్లీషులో చెబుతుంది. అనువాదానికైనా నాలుగు మార్కులు వేయాలనిపిస్తుంది.

శిక్షించవచ్చు కదా అని తమకు తోచవచ్చు. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. తెర మీద మొదటిది ఎటూ కుదరదు, రెండోది మాత్రం మహా సులువు. పేరు పెట్టి తిడితే అన్ని ఇళ్లలోని అవ్వాతాతలూ కూడా వింటారు. మ్యూట్ చేస్తే సరి అంటారా? మా మొనగాడు దాన్ని సెలవు కింద లెక్క వేసుకుంటాడు.

నడవడిక గొడవే లేని పాఠాలు మన రాష్ట్రంలో లేకపోలేదు. 2019లో మొదలైన ప్రభుత్వ విద్యా చానెల్ కల్వి టీవీ కరోనా రోజుల్లో ఇంటింటికీ పాఠం చెప్పింది. ఎదురుగా బిడ్డ కునుకు తీసినా టీవీ అయివారికి కోపం రాదు. 2021 అక్టోబరులో వచ్చిన 'ఇల్లం తేడి కల్వి' పథకంలో వాలంటీర్లు సాయంత్రం పూట పిల్లల మధ్యనే కూర్చున్నారు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తే సగం అల్లరి దానంతటదే అణుగుతుంది. నాకు ఆ చెయ్యి లేదు, ఉన్నది గొంతొక్కటే.

ఆ గొంతుతో 'అందరూ పుస్తకాలు తీయండి' అని అరిస్తే ఒక్కరూ కదలరు. 'మన పిల్లి చూడండ్రా, నేను అడగకముందే పుస్తకం తీసి పెట్టుకునింది' అంటే ఆ మాట ముగిసేలోగా మూడు పుస్తకాలు కెమెరా ముందుకొస్తాయి. చేసిన పనేదో చెప్పాలి, చేసినప్పుడే చెప్పాలి. మొనగాడు ఒకరోజు బిగుసుకుపోకుండా 'తెలీదు మిస్' అన్నాడు. 'తెలీదని తెగించి చెప్పినావు, బాగా చేస్తివి నాయనా' అన్నాను. తర్వాత వాడి నెట్‌వర్క్ చాలా మెరుగుపడింది. ఇక్కడి బిడ్డలకు ఇంట్లో తెలుగు, 2006 నాటి రాష్ట్ర చట్టం పుణ్యమా అని బడిలో తప్పనిసరిగా తమిళం, నా దగ్గర ఇంగ్లీషు. 'వెరీ గుడ్' అంటే అదీ పాఠంలో భాగమే అనుకుంటారు. అవ్వ మాటల్లో మెచ్చుకుంటే మొహం విప్పారుతుంది.

స్టార్లు పంచరాదా అని కొందరి సలహా. పంచకపోవడానికి నాకొక కారణం ఉంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే అమెరికా పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి, వేస్తే 'గుడ్ ప్లేయర్' సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ చూపి ఇచ్చారు. తర్వాత ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తే, ఆ పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. ముందు చెప్పకుండా అదే కాగితం అందుకున్నవాళ్లకు ఆ ఇష్టం తగ్గలేదు. ఆ సర్టిఫికెట్ మీద బంగారు చుక్క, రిబ్బను, 'గుడ్' అన్న మాట: తమ గడికి దగ్గరి చుట్టమే. 'ఈ లెక్కకు ఎన్ని స్టార్లు మిస్?' అని అడిగే బిడ్డకు లెక్క మీద చూపు నిలవదు, అందుకే నా దగ్గర ఆ బేరం లేదు.

ఇంకొక్క మాట. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు రోజుకు రెండు ఆన్‌లైన్ పాఠాలు మించకూడదని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ 2020 జూలైలో 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల్లో చెప్పింది. గంటన్నర కదలకుండా కూర్చోని ఏడేళ్ల బిడ్డను అల్లరివాడని రాసేముందు, తమరు ఏదైనా మీటింగులో అంతసేపు కెమెరా ఆన్‌లో పెట్టుకుని కూర్చుని చూడవలసిందిగా ప్రార్థన.

కాబట్టి నేను కోరేది చాలా చిన్నది. ఈ ఏడు టీసీలు రాయకముందే ఆ గడిని మూడు వరుసల వెడల్పు చేయించండి. పిల్లికి 'ఇంకొకరు చెబుతుంటే ఆగి వింటుంది' అని, మొనగాడికి 'తెలియకపోతే తెలీదంటాడు' అని రాయడానికి చోటు చాలాలి. రాసింది టీసీ దాకా దాచకుండా ఆ సాయంత్రమే బిడ్డకు చదివి వినిపించే ఏర్పాటు కూడా చేయించండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
గురుబరపల్లి ట్యూషన్ మిస్