బేలుకు ఒక పూట, టీసీకి ఒక వేసవి

ఇంటర్మీడియట్‌కూ డిగ్రీకీ నడుమ ఆంధ్రప్రదేశ్‌లో ఏ విశ్వవిద్యాలయమూ ప్రకటించని కోర్సు ఒకటి నడుస్తోంది. కింది విద్యాసంస్థలు ఇచ్చిన పత్రాలను పై కాలేజీ పరిశీలించి సరేనని ఒప్పుకునేదాకా విద్యార్థి కూర్చుని ఉండడమే ఆ కోర్సు. దానికి సిలబస్ లేదు, గడువు లేదు, హాజరు మాత్రం తప్పనిసరి. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని కలిగిరి వంటి మండల కేంద్రాల్లో దీని తరగతులు నెట్ సెంటర్లలో జరుగుతాయి, పాఠం ప్రతిరోజూ ఒక్కటే: ‘ప్రాసెస్‌లో ఉంది, రేపు చూడండి.’

ఈ కోర్సుకు కావలసిన పత్రాల్లో టీసీ, అంటే చదివిన చోటు విడిచి వెళ్లడానికి ఇచ్చే బదిలీ పత్రం, మొదటిది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడు ఎక్కడ చదివాడో చెప్పే స్టడీ సర్టిఫికెట్లు దాని వెంట నడుస్తాయి. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నెల్లూరును రాయలసీమతో పాటు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనూ, ప్రకాశాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనూ చేర్చి, 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది కనుక ఆ పత్రాలు అడగడంలో తప్పులేదు. అయితే పదో తరగతి దాకా కలిగిరిలో చదివి, 1970లో నెల్లూరు నుంచి ప్రకాశానికి వెళ్లిన కందుకూరులో ఇంటర్ చదివిన పిల్లవాడు ఎక్కడివాడో తేల్చడానికి ఏడేళ్ల లెక్క మొత్తం తిరగేయవలసి వస్తుంది. ఊరందరికీ తెలిసిన సంగతి గుమాస్తాకు తెలియడానికి జూన్ గడిచిపోతుంది.

మార్కులు ఇంటర్మీడియట్ బోర్డు దగ్గర ఉన్నాయి, పుట్టినతేదీ పదో తరగతి బోర్డు దగ్గర ఉంది, కులం, ఆదాయం రెవెన్యూ శాఖ దగ్గర ఉన్నాయి. ఇవన్నీ ఒకే ప్రభుత్వపు చేతులే అయినా, ఒక చేయి రాసినది రెండో చేయి నమ్మాలంటే విద్యార్థి మధ్యలో నిలబడి అందించాలి. 2015లో మొదలైన డిజిలాకర్‌లోని పత్రం అసలు పత్రంతో సమానమని 2017 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన చేసింది. 2025 జనవరి నుంచి రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు అందిస్తోంది. ఇంత ప్రగతి ఫలితంగా విద్యార్థి ఫోనులోకి వచ్చిన పత్రాన్ని ప్రింటు తీయించి, దానిపై సంతకం చేయించి, మళ్లీ స్కాన్ చేయించి అప్‌లోడ్ చేస్తున్నాడు, ఆ పైన మూడు సెట్ల జిరాక్స్ విడిగా పట్టుకెళ్తున్నాడు.

దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవడానికే ఈ ఆలస్యమని కాలేజీల వాదన. దొంగ పత్రాలు ఉన్న మాట నిజమే, కానీ దొంగ పత్రం తయారుచేసేవాడు తండ్రి పేరు అన్నిచోట్లా ఒకేలా రాయించుకునేంత జాగ్రత్త పడతాడు. ఒక మెమోలో ఇంటిపేరు ముందు, ఇంకో దానిలో వెనక, ఒకచోట వెంకటేశ్వర్లు, మరోచోట వెంకటేశ్వరులు అని పడి, ‘మిస్‌మ్యాచ్’ అనే ముద్రతో పక్కకు వెళ్లేది నిజమైన రైతు బిడ్డ పత్రమే. పైగా పత్రాన్ని చూడడానికి పట్టేది కొద్ది నిమిషాలు. మిగిలిన రోజులన్నీ అది ఇంకొక పత్రం కింద పడి ఉండడానికి పడతాయి.

కలిగిరిలోనే పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. రైతు అక్కడికి తెచ్చిన బేలుకు నంబరు పడుతుంది, గ్రేడు పడుతుంది, కొనుగోలుదారులు పాట పాడతారు, ధర ఎంతో ఆ పూటే తెలుస్తుంది. ధర గిట్టుబాటవుతుందా అన్నది వేరే గొడవ. ఎవరూ కొనకపోతే ‘నోబిడ్’ అని ఆ మాటా అప్పుడే చెప్పి బేలును వెనక్కి పంపుతారు. ఆ రైతు కొడుకు టీసీకి ఆ పాటి మర్యాద దక్కదు. దాన్ని తీసుకున్నట్టూ చెప్పరు, తోసివేసినట్టూ చెప్పరు.

చేర్చుకోవడానికి ఇంత సందేహించిన కాలేజీ, చేరిన తరువాత అవే పత్రాల మీద పెంచుకునే మమకారం గమనించదగినది. అసలు పత్రాలను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులో ఆదేశించింది. అయినా ఫీజు రీయింబర్స్‌మెంటు, అంటే విద్యార్థి తరఫున ప్రభుత్వం కాలేజీకి కట్టే రుసుము, బకాయి పడిందన్న కారణంతో చదువు ముగించినవాడి ఒరిజినల్స్ బీరువాలో ఉండిపోయిన సందర్భాలు అరుదు కావు. ఆ ఒరిజినల్స్ లేవన్న కారణంతో పీజీ కాలేజీ అతని దరఖాస్తును పెండింగ్‌లో పెడుతుంది.