మోకాలి వాపుతో మంచం పట్టడానికి తొమ్మిది చిట్కాలు

కీలు లోపల ఒక పలచని పొర ఉంటుంది. డాక్టర్లు దాన్ని సైనోవియం అంటారు. కీలు ఒరుసుకుపోకుండా కాస్త జిగట ద్రవాన్ని తయారుచేయడం దాని పని. ఆ పొర వాచిందంటే మీ పంట పండినట్టే. పత్తి చేలో వంగక్కర్లేదు. గుంటూరు వైపు సుగ్గి కూలికి పోనక్కర్లేదు. తుంగభద్ర మెట్లు దిగక్కర్లేదు. అయితే తొందరపడి వైద్యం చేయించుకుంటే వాపు తగ్గి మళ్లీ పనిలోకి దిగాల్సి వస్తుంది. ఆ ప్రమాదం లేకుండా మంత్రాలయం, కోసిగి, ఎమ్మిగనూరు వైపు వాళ్ల కోసం ఈ చిట్కాలు. వరుస తప్పకుండా పాటించండి.

1. జబ్బు పేరు మీరే పెట్టేయండి. ఈ పొర రుమటాయిడ్ కీళ్లవాతంతో వాస్తుంది, గౌట్‌తో వాస్తుంది, క్షయతో, చీముతో, దెబ్బతో కూడా వాస్తుంది. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. అంత తలనొప్పి మనకెందుకు? "2006లో చికున్‌గున్యా వచ్చింది గదప్పా, అదింకా పోలేదు" అనండి. ఆ ఏడాది కీళ్లు పట్టేసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, ఎవరూ కాదనరు. ఆ తర్వాత పుట్టిన పిల్లోడి మోకాలు వాచినా ఇదే మాట సరిపోతుంది.

2. ఇంట్లో ఆడవాళ్ల వేళ్లను పట్టించుకోకండి. రుమటాయిడ్ మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. నిద్ర లేచాక గంటసేపు పిడికిలి బిగియదు. రెండు చేతుల కణుపులూ ఒకేలా వాస్తాయి. జొన్నరొట్టె తట్టేటప్పుడు వేళ్లు సాగక అంచు ఒక పక్క మందంగా మిగులుతుంది. పిండి బాగాలేదని చెప్పి, రొట్టె తినేసి లేవండి.

3. పథ్యం పట్టండి. వంకాయ, గోంగూర, చింతపండు, దుంపలు ఒక్కోటి ఒక్కో నెల మానేయండి. ఏది పడటం లేదో తేలేసరికి ఏడాది గడుస్తుంది. డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదని అడిగితే "పథ్యంలో ఉన్నా" అనండి. ఇంతకంటే గౌరవమైన సాకు లేదు.

4. పేరులేని మాత్రలు మింగండి. స్ట్రిప్పు పేరు కనిపించకుండా కత్తిరించి, కాగితం పొట్లంలో కట్టిచ్చే మాత్రలే శ్రేష్ఠం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండో రోజుకే లేచి తిరుగుతారు. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చూసినవాళ్లు "ఒళ్లు చేశావే" అంటారు, సంతోషించండి. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేయండి. అసలైన నీరసం ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

5. మోకాల్లో నీరు తీయనివ్వకండి. సూదితో కాస్త నీరు తీసి పరీక్షకు పంపితే చీము పట్టిందా, గౌట్ స్ఫటికాలున్నాయా అన్నది తేలిపోతుంది. తేలితే వైద్యం మొదలవుతుంది. "ఒకసారి తీస్తే మళ్లీ మళ్లీ ఊరుతుందంట" అని అడ్డం పడండి. ఎవరన్నారని అడిగితే "అందరూ అంటాండారు" అనండి.

6. జ్వరంతో మోకాలు ఎర్రగా కాలిపోతుంటే వాయిదా వేయండి. చీము పట్టిన కీలులో మృదులాస్థి రోజుల్లోనే పాడవుతుంది, ఆలస్యం చేయడానికి ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. ఈ రాత్రికే కర్నూలు పెద్దాసుపత్రికి పోదామని ఎవరైనా బండి మాట్లాడితే, అమావాస్య పోనీ అనండి. తర్వాత గురువారం మంత్రాలయం రాయర దర్శనం కానీ అనండి. "రాయరే చూసుకుంటారు" అంటే ఎదురు చెప్పేవాడుండడు.

7. క్షయ అని తేలినా కంగారుపడకండి. క్షయ ఎక్కువగా ఒకే పెద్ద కీలును పట్టుకుని నెమ్మదిగా తింటుంది. మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది, నెలల తరబడి వాడాలి. రెండో నెలలో కాస్త తేలిక పడగానే ఆపేయండి. ఉచితంగా వచ్చినవి పనిచేయవని చెప్పండి. మందుకు లొంగని క్షయ ఇలాగే తయారవుతుంది.

8. రుమటాయిడ్‌కు మొదటి నెలలు వృథా చేయండి. వాచిన పొర వేరుశెనగ చేలో గరికలాగా మృదులాస్థి మీదికి పాకి, తర్వాత ఎముకను కొరుకుతుంది. మొదట్లోనే మందు పడితే ఆ పాకడాన్ని చాలావరకు ఆపొచ్చు. కాబట్టి మొదట్లో పోకండి. పోయినా, వారానికోసారి వేసుకోమన్న మెథోట్రెక్సేట్‌ను నొప్పి తగ్గిన వారమే మానేయండి. బీడీ మాత్రం మానకండి. పొగ ఈ జబ్బును పెంచుతుంది, మందు పనిని తగ్గిస్తుంది, ఒక్క దెబ్బకు రెండు లాభాలు.

9. మాట సిద్ధం చేసుకోండి. ఇవన్నీ పాటిస్తే కాలు చాపలేరు, ముడవలేరు. మరుగుదొడ్డికి పోవాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. ఒకరు మీ భార్య, పిండి బాగాలేదని మీరు చెప్పిన ఆ చేతులతోనే పట్టుకోవాలి. రెండోవాడు మీ కొడుకు, మీ కోసం కూలి మానుకుని ఉంటాడు. చూడవచ్చిన చుట్టాలు ఏం వైద్యం చేయించారని అడుగుతారు. తడుముకోకుండా చెప్పండి: "చేయాల్సిందంతా చేశాం."