మాడ్యూల్ మాస్టారు

ఏ డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో చూసినా ఈయన ఒకరుంటారు. సబ్జెక్టు మారొచ్చు, మనిషి మారడు. మా ఎరికలో ఉన్నాయనది ఎకనామిక్స్. ఒకప్పుడు గంట కొట్టాక కూడా క్లాసు వదిలేవారు కాదు. 2017లో స్వయం పోర్టల్ వచ్చింది, 2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఆ మధ్యలో ఎక్కడో ఆయన కోర్సు డిజైనర్ అయిపోయారు. ఇప్పుడు పాఠం చెప్పరు, కంటెంట్ డెవలప్ చేస్తారు.

ఊరికే కాదు లెండి. యూజీసీ 2018 నిబంధనల్లో నాలుగు క్రెడిట్ల మూక్, అంటే ఆన్‌లైన్ కోర్సు, పూర్తిగా తయారుచేస్తే 20 పాయింట్లు. ఆర్ట్స్ వాళ్లకి జర్నల్లో పేపరు వేస్తే పదే. ప్రమోషన్ ఫైలు కదలాలంటే ఏది నయమో ఎకనామిక్స్ మాస్టారికి ఒకరు చెప్పాలా?

ప్రతి మాడ్యూల్ మొదట్లో, అది ముగిశాక విద్యార్థి ఏం చేయగలడో రాయాలి. ‘అర్థం చేసుకుంటాడు’ అంటే చెల్లదు, అర్థమైందో లేదో కొలవలేం గనక. వివరించగలడు, పోల్చగలడు, వర్గీకరించగలడు అనాలి. ఈ అలవాటు ఇంటికీ పాకింది. ‘‘ఈ ఉప్మా తిన్నాక నేనేం చేయగలగాలోయ్?’’ అన్నారొకనాడు. ‘‘మీ ప్లేటు మీరు కడుక్కోగలగాలి’’ అంది వాళ్లావిడ. కొలవదగ్గ ఫలితమేనని ఒప్పుకుని కడిగేశారు.

క్లాసులో ‘‘ఒరేయ్, ఉల్లిపాయల రేటు పెరిగితే మీ అమ్మ ఏం చేస్తుందిరా?’’ అనే నోరు, కెమెరా ముందు ‘‘ఇతర పరిస్థితులు స్థిరముగా ఉన్నప్పుడు ధరకును డిమాండుకును విలోమ సంబంధముండును’’ అంటుంది. పిల్లలు దాన్ని రెట్టింపు వేగంతో పెట్టుకుంటారు. అప్పుడాయన గొంతు ముహూర్తం దాటిపోతున్న పురోహితుడిలా ఉంటుంది.

చర్చా వేదికలో ‘ద్రవ్యోల్బణం పేదవాణ్ణి ఎలా దెబ్బతీస్తుంది?’ అని అడిగారు. ‘గుడ్‌మార్నింగ్ సర్’, ‘నైస్ వీడియో సర్’, ‘ఎగ్జామ్ ఎప్పుడు సర్’ అని మూడు జవాబులొచ్చాయి. మూడింటికీ విడివిడిగా బదులిచ్చారు.

ఇక క్విజ్. సరైన జవాబుకు ఒక షరతూ ఒక మినహాయింపూ తగిలించకుండా ఉండలేని నిజాయితీ ఆయనది. అందుకే నాలుగింటిలో పొడుగ్గా ఉన్నదే ఒప్పు. పిల్లలీ నిజాయితీని మొదటి వారంలోనే పసిగట్టి, ప్రశ్న చదవడం మానేశారు.

మొన్న వరండాలో ఒకమ్మాయి డిమాండు రేఖ అర్థం కాలేదంటూ ఆపింది.

‘‘ఏడో మాడ్యూల్ చూడమ్మా.’’

‘‘చూశాను సార్. మామూలు స్పీడులో కూడా చూశాను.’’

ఆ రెండో మాటకి ఆయన కరిగిపోయారు. జేబులోంచి పెన్ను తీసి, ఆ పిల్ల నోట్సు వెనకాల రైతుబజారు, ఉల్లిపాయలు, వాళ్లమ్మ సంచీ అన్నీ గీసి ఐదు నిమిషాల్లో తేల్చేశారు.

‘‘ఇంత తేలికా సార్! ఇది వీడియోలో పెట్టలేదేం?’’

‘‘ఎలా పెట్టమంటావమ్మా, మాడ్యూలంటే అరగంటన్నా రావద్దూ?’’