వాకిటి వృక్షము – గోడవతలి పొద

మేడ్చల్ మొదలు శామీర్‌పేట వరకు ఔటర్ రింగు రోడ్డునకు ఇరుప్రక్కల వెలసిన వెంచర్లలో ఇల్లు కట్టుకొన్న ప్రతి గృహస్థునకును, గృహప్రవేశము నాడు పొంగిన పాలు చల్లారకమునుపే, ఒక మహత్తర ధర్మసందేహము సంప్రాప్తించుచున్నది: వాకిట పుష్పవృక్షము నాటుటయా, మొండిపొద నాటుటయా? యక్షుడు సైతము ధర్మరాజును ఇంతగా చిక్కుపరుపలేదు.

మా మిత్రుడొకడు దీనిని తీర్చుకొన్న విధము చెప్పెదను. ఆయన కొన్ననాడు ఆ ప్లాటు ఎర్రచెల్క. బండల సందులలో తంగేడు, వావిలి, పరికి, ఎవరును నాటకయే, ఎవరును నీరు పోయకయే, మేకల మందల నడుమ నిశ్చింతగా బ్రతుకుచుండెను. తంగేడాకును మేక ముట్టదు. కావున దానికి కంచెయు అక్కరలేదు. ఇట్టి అనాగరిక సస్యమును చూచి సహింపజాలక, మిత్రుడు గంటల లెక్కన జేసీబీకి బాడుగ చెల్లించి దానిని సమూలముగ పెకలింపించి, నర్సరీనుండి తురాయి నొకదానిని, టబెబుయా నొకదానిని తెచ్చెను. మొదటిదాని పుట్టినిల్లు మడగాస్కరు దీవి. రెండవదానిది మెక్సికో వైపు వంశము. అంతదూరపు అతిథులకు మర్యాద లోపింపరాదు గదా! గోతికి అడ్డువచ్చిన బండను పగులగొట్టించి, రెండు ట్రాక్టర్ల చెరువుమట్టి తోలించి, బోరునీరు చాలక వేసవియంతయు ట్యాంకరు తెప్పించి, తుదకు తన స్నానమునకు ఒక్క బకెట్టు చాలునని నియమము పెట్టుకొనెను. ఐదవయేట తురాయి పదునొకండు పువ్వులు పూసెను; నేను లెక్కించితిని. ఆ జ్యేష్ఠమాసపు గాలివానకే, ఆ చెట్టు కట్టె పెళుసగుటచే, పెద్దకొమ్మ విరిగి ప్రక్కింటివారి కారుపై పడెను.

‘మొండిమొక్కయే కావలెనన్నచో కోనోకార్పస్ ఉండగా తంగేడేల?’ యను పక్షమొకటి కలదు. 2015లో ఆరంభమైన హరితహారమున అది వీధివీధిని నిలిచినది. పిదప ప్రభుత్వమే దానిని నాటవలదన్నది. మొండితనమునందును మనకు విదేశీయమే శిరోధార్యము!

2014లో తంగేడు తెలంగాణ రాష్ట్రపుష్పమైనది. మిత్రుడు ఆ గౌరవమును మన్నింపనివాడు కాడు. వెంచరు ముఖద్వారముపై తంగేడుపూల బొమ్మ వేయింపవలెనను తీర్మానమునకు మొదట చేయెత్తినవాడు ఆయనయే. బొమ్మ పాదులు తీయుమనదు.

మొన్న పెత్రమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు కావలెనని ఇల్లాలు పంపగా, ఆయన వెంట నేనును మేడ్చల్ అంగడికి పోతిని. గోనెపట్టాపై గునుగు ప్రక్కన తంగేడు కట్టలు. పసుపుపచ్చని రేకులపై వెండ్రుకవాసి ఈనెలు, కదలించినంతనే ఎండుకాయల గలగల. కట్ట ఏబది రూపాయలనగానే మిత్రుడు మండిపడి, “ఊరకే మొలచు పువ్వునకు ఇంత ధరయా?” అనెను.

“ఏడ మొలుస్తది సారూ? ఏ వెంచరు మీది?”

ఆయన పేరు చెప్పెను.

“గా గోడెనుకనే జరంత మిగిలింది. గాడికెల్లే తెంపుకొచ్చిన” అనుచు ఆ అవ్వ, కొసరుగా మరి రెండు కొమ్మలు ఆయన సంచిలో వేసెను.