ఐపీఎల్ ప్లేఆఫ్స్ జోస్యం: ఎప్పటికీ లెక్క తప్పని పద్ధతి

ముందు లెక్కలేసి, తర్వాత జట్టును తేల్చుకునేవాళ్లు ఉంటారు. వాళ్లెందుకు ఓడిపోతారో వేరే చెప్పాలా? జట్టును ముందే ఖాయం చేసుకోవాలి, అంకెలు తర్వాత అవే వస్తాయి. ఈ విషయంలో చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఒక వెసులుబాటుంది. మనకు చెన్నై పక్కనే, హైదరాబాదుకు రాత్రంతా బస్సు. ఒంటిమీద పసుపు చొక్కా, బీరువాలో నారింజ చొక్కా ఉంచుకుంటే, ఎవరు ప్లేఆఫ్స్‌కు పోయినా "నేను మొదట్నించీ చెప్తానే ఉండా" అనొచ్చు.

సగటు తీసేటప్పుడు మొహమాటం వద్దు. 2024లో హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ కొట్టిన 277, 266, 287 తీసుకోండి. సగటు దాదాపు 277. టీకొట్లో అందరూ నోరు మూస్తారు. అదే ఏడు మే 26న చెపాక్ ఫైనల్లో 113కే ఆలౌటయ్యారు కదా అని ఎవడో గుర్తుచేస్తాడు. "అది లీగ్ మ్యాచ్ కాదు" అనండి. లీగ్ మ్యాచ్ అయ్యుంటే "ఔట్‌లయర్" అనేవాళ్లం, అంతే తేడా.

శాతాలు చెప్పేటప్పుడు దశాంశం మరవొద్దు. అరవై శాతమంటే ఊహ, 63.4 అంటే శాస్త్రం. జట్టు ఓడితే మిగతా 36.6 కూడా మీరు చెప్పిందే. 2024లో బెంగళూరు మొదటి 8 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి, తర్వాత వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కు పోయింది. ఆ మొదటి రోజుల్లో సున్నా అని తేల్చేసినవాళ్లు ఇప్పటికీ ముఖం చాటేస్తున్నారు. 0.8 అనుంటే దర్జాగా తిరిగేవాళ్లు.

ఎన్ని పాయింట్లు చాలని అడిగితే చిక్కే. 2019లో సన్‌రైజర్స్ 12తోనే దూరింది, అదే 12తో కోల్‌కతా, పంజాబ్ ఇంటికెళ్లాయి. 2024లో నాలుగు జట్లు 14 దగ్గర ఆగితే ఒక్క బెంగళూరే లోపలికి పోయింది. ఆ మే 18న బెంగళూరు చేతిలో ఓడినా సరే 201 చేస్తే చెన్నైకి చాలు. 191 దగ్గర ఆగింది. మన పసుపు చొక్కాలు ఆ పది పరుగులు ఇంకా మరవలేదు. ఇలాంటప్పుడు "అంతా నెట్ రన్‌రేటే" అని నిట్టూర్చండి. ఆలౌటైన జట్టు ఇరవై ఓవర్లూ ఆడినట్టే అందులో లెక్కవేస్తారన్న ముక్క మాత్రం చెప్పొద్దు. అర్థమైతే మిమ్మల్నెవరు అడుగుతారు?

జోస్యం చెప్పేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో 31 కంపార్ట్‌మెంట్లు నిండాయంటే దర్శనానికి ఎన్ని గంటలో అలిపిరి ఆటో అన్న ఠక్కున చెప్తాడు. అతన్ని చూసి నేర్చుకోకండి. రోజూ కళ్లారా చూసి చెప్తాడు, పైగా తప్పితే ఒప్పుకుంటాడు.

నిరుటి పట్టిక రెండు వైపులా పనికొస్తుంది. డెక్కన్ ఛార్జర్స్ 2008లో 14లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది, 2009లో కప్పు తెచ్చింది. నచ్చని జట్టుకు 2008 చూపండి, నచ్చినదానికి 2009.

హాకీ జోలికి మాత్రం పోవద్దు. 2016 హాకీ ఇండియా లీగ్‌లో ఒక ఫీల్డ్ గోల్‌ను రెండుగా లెక్కించారు, మీ పాత పట్టికలన్నీ చెత్తబుట్టకే. అదే లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరిలో ఫైనల్ ఆడిందని చెప్పినా వాదించేవాడు దొరకడు. మన జిల్లా గోల్‌కీపర్ ఎతిమరపు రజని 2024లో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో భారత మహిళల జట్టుకు కెప్టెన్, రజతం తెచ్చారు. ఆమె ఎన్ని గోల్స్ ఆపారో కావాలంటే మ్యాచ్‌లు కూర్చుని చూడాలి. మన పద్ధతిలో చూడటమన్నది లేదు.