పెళ్ళి రాసిచ్చే డాక్టర్లు

ఏలూరులో ఆడవాళ్ళ ఆస్పత్రికి కడుపునొప్పని వెళ్తే, మంచం ఎక్కకముందే మొదటి పరీక్ష అయిపోతుంది: "పెళ్ళయిందా అమ్మా?" అయిందంటే పిల్లలెంతమంది అంటారు. కాలేదంటే ఇక అడగడానికేమీ లేదు. గుడివాకలంక నుంచి ఆటోలో వచ్చిన పిల్ల తను ఇష్టపడేది ఇంకో అమ్మాయినని చెప్పడానికి మధ్యలో సందెక్కడిది? పైగా పక్క కుర్చీలో మేనత్త!

పెళ్ళి కాలేదు గనక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అక్కర్లేదట. మగవాడు లేకపోతే జబ్బూ రాదని ధీమా. ఆ జబ్బు తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఆడవాళ్ళిద్దరి మధ్యా అంటుకుంటుంది, శుభలేఖ చూపించమనదు. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకి ఈ పరీక్ష చెయ్యాలని సర్కారు మార్గదర్శకాల్లో ఉంది గాని, సుమంగళులకి మాత్రమేనని లేదు.

ధైర్యం చేసి నోరు విప్పిందే అనుకోండి. అప్పుడు అసలు మందు బయటికొస్తుంది: "పెళ్ళి చేసెయ్యండి, అదే సర్దుకుంటుంది." పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదని పెద్దలు వెక్కిరించిన మాటని వీళ్ళు వైద్యశాస్త్రంలో కలిపేసుకున్నారు. రొయ్యకి తెల్లమచ్చ తెగులని అనుమానం వస్తే కొల్లేటి రైతు ల్యాబుకి పరిగెత్తుతాడు. కూతురికైతే ముహూర్తానికి పంతులుగారి దగ్గరికి. స్వలింగ ప్రేమను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ఆ కబురు మోసుకొచ్చిన రైలు ఏలూరులో ఆగనిదై ఉంటుంది.

పల్లెటూళ్ళ అజ్ఞానమని సరిపెట్టుకుందామా? ఢిల్లీ తెలివి చూడండి. స్వలింగ ప్రేమను వైద్యంతో మార్చబోవద్దని మద్రాసు హైకోర్టు 2021లో గట్టిగా చెప్పాక, జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇలాంటి "మార్చే వైద్యం" వృత్తిపరమైన తప్పు అంది. 2024 ఆగస్టులో అదే కమిషన్ వైద్య విద్యార్థుల పాఠంలో ఆడవాళ్ళ స్వలింగ సంబంధాన్ని అసహజ నేరాల వరసలో కూర్చోబెట్టింది. గగ్గోలు లేచాక సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది. ఆ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018లో. ఆరేళ్ళు చదివినా పాఠం ఒంటబట్టలేదు.

ఇంతకీ తమాషా ఏమిటంటే, పెళ్ళే మందన్న ఈ దేశంలో ఆ మందు ఈ అమ్మాయిలకి మాత్రం అమ్మరు. ఇద్దరాడవాళ్ళ పెళ్ళికి ఇప్పుడున్న చట్టంలో చోటు లేదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అంచేత ఆపరేషన్ కాగితం మీద "బంధువు సంతకం" అన్నచోట పదేళ్ళు కలిసి బతికిన మనిషి పనికిరాదంటారు, పదేళ్ళుగా మాటల్లేని అన్నగారు పనికొస్తాడు.

లైంగికతను బట్టి మానసిక వైద్యంలో వివక్ష చూపకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కాబట్టి, అమ్మల్లారా, ఈసారి ఏ డాక్టరైనా మీ పిల్లకి పెళ్ళినే మందుగా చెబితే, చీటీ మీద రాసి, రిజిస్ట్రేషన్ నంబరు వేసి, సంతకం చేసి ఇమ్మనండి. మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టడానికి అదొక్కటి చాలు.