ముల్లు తిప్పితే పొద్దు పెరుగుతుందా?

నేను గంటలు కొట్టే గోడ గడియారాన్ని. అనుమసముద్రంపేటలో, అంటే మీరు ఏఎస్ పేట అని పిలిచే ఊళ్ళో, ఒక పాత ఇంటి అటక మీద పడి ఉన్నాను. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. టేకు పెట్టె, ఇత్తడి చక్రాలు, ఒక లోలకం, వారానికోసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు ఆడే స్ప్రింగు, అంతే. చెప్పాల్సింది నా ముళ్ళ మీద మీరు పెట్టుకుంటున్న ఆశ గురించి. చలికాలంలో తొందరగా చీకటి పడుతోంది, దేశంలో గడియారాలన్నీ గంటో అరగంటో ముందుకు జరిపితే సాయంత్రం వెలుగు మిగులుతుందన్న మాట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఫోను చేసే వేళ మార్చుకోమంటారు కదా, అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదని అడిగేవాళ్ళున్నారు. వారానికోసారి కీ ఇవ్వడానికే తీరిక దొరకని ఇళ్ళు ఏడాదికి రెండుసార్లు ముళ్ళు తిప్పుతాయట! నవ్వొచ్చినా, అడిగినవాళ్ళకు లెక్కతోనే జవాబు చెప్పాలి.

ముందు ఆకాశం సంగతి. ఏఎస్ పేట భూమధ్యరేఖకు ఉత్తరాన 15 డిగ్రీలకు కాస్త లోపు ఉంది. ఇక్కడ ఏడాదిలో అతి చిన్న పగలు దాదాపు 11 గంటల 15 నిమిషాలు, అతి పెద్దది 13 గంటలు. తేడా రెండు గంటలు కూడా లేదు. లండన్‌లో డిసెంబరు పగలు 8 గంటలకు తక్కువ, జూన్ పగలు 16 గంటలు దాటుతుంది. అక్కడ చలికాలం సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది, బడి వదిలిన పిల్లలు చీకట్లో ఇంటికి నడుస్తారు. మన దగ్గర పొద్దు ఏడాదిలో అన్ని రోజులకంటె ముందు గూకేది నవంబరు చివర్లో, అప్పుడు కూడా 5 గంటల 38 నిమిషాల ప్రాంతంలో. సంక్రాంతి నాటికి ఆరు గంటలవుతుంది. నాలుగింటికి బడి గంట కొడితే ఆ తర్వాత ఆడుకోవడానికి గంటన్నర వెలుగు ఎప్పుడూ ఉంటుంది. పైగా చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అమెరికా, బ్రిటన్ చలికాలంలో చేసేది ముళ్ళను వెనక్కి తిప్పడం, అంటే సాయంత్రాన్ని ఇంకా చీకటి చేసుకోవడం. బ్రిటన్ 1968 నుంచి 1971 దాకా వెనక్కి తిప్పకుండా ఉండి చూసింది. సాయంత్రం వెలుగు దక్కింది గాని, స్కాట్లండులో పొద్దున్నే చీకట్లో పనికీ బడికీ వెళ్ళాల్సి రావడం వాళ్ళకు గిట్టలేదు. చివరికి పార్లమెంటు ఆ పద్ధతి వదిలేసింది.

రెండో సంగతి, నన్ను ఇప్పటికే ముందుకు జరిపారు. భారత ప్రామాణిక కాలం కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖను బట్టి నడుస్తుంది. ఏఎస్ పేట ఆ రేఖకు పడమరన ఉంది. అందుకే ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది, ఏడాది సగటు తీస్తే, నేను పన్నెండు కొట్టిన 11 నిమిషాల తర్వాత. అంటే ఎవరూ అడగకుండానే సాయంత్రానికి 11 నిమిషాల వెలుగు ఎప్పుడో కలిసింది. 1906 జనవరి 1న దేశానికంతటికీ ఒకే కాలం అధికారికంగా పెట్టకముందు ఈ ప్రాంతంలో రైళ్ళు నడిచింది మద్రాసు కాలం మీద. అది ఇప్పటి కాలానికి దాదాపు 9 నిమిషాలు వెనక. ఆ 9 నిమిషాలు జరిపినందుకు ఎవరి పొలంలోనూ అదనంగా ఒక చాలు దున్నలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశంలో గడియారాలు ఏకంగా గంట ముందుకు నడిచాయి. ఆ లెక్కన జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచింది 7 గంటల 40కి. యుద్ధం ముగియగానే ఆ గంటను వెనక్కి ఇచ్చేశారు.

ఇప్పుడు అవతలివాళ్ళ వాదన. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌కు చెందిన దిలీప్ అహూజా, డి.పి. సేన్‌గుప్తా తదితరులు 2007లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక ప్రతిపాదన రాశారు. ఏడాదికి రెండుసార్లు తిప్పే తంటా వద్దు, దేశమంతా ఒకేసారి శాశ్వతంగా అరగంట ముందుకు జరిగితే సాయంత్రం దీపాలు వెలిగించే వేళ కరెంటు మీద పడే భారం తగ్గుతుందన్నారు. నాకు నచ్చిన వాదనే, కనీసం వాళ్ళు నన్ను మాటిమాటికీ తిప్పమనలేదు. అయితే ఆ లెక్క వేసిన నాటి ఇల్లు వేరు. 60 వాట్ల బల్బు ఉన్న చోట ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ వెలుగుతోంది. దీపం ఖర్చే అంత పడిపోయాక దీపం ఆలస్యంగా వెలిగించడం వల్ల మిగిలేది ఎంత? ఫ్యాను, ఫ్రిజ్జు, ఏసీ పొద్దు గూకిందా లేదా అని చూసుకుని తిరగవు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమంతా 2006లో వేసవిలో ముళ్ళు గంట ముందుకు జరపడం మొదలుపెట్టింది. పరిశోధకులు కరెంటు బిల్లులు పట్టి చూస్తే ఇళ్ళ వాడకం తగ్గకపోగా దాదాపు ఒక శాతం పెరిగింది. పొద్దు మరీ ముందే గూకుతోందన్న ఈశాన్య రాష్ట్రాల గోడు మాత్రం న్యాయమైనది. అస్సాం తేయాకు తోటల్లో ఇప్పటికీ గంట ముందున్న తోట కాలం నడుస్తోంది. వాళ్ళకు వేరే కాలం ఇవ్వచ్చని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల 2018లో సూచించింది కూడా. కాని వాళ్ళది తూర్పుదనం వల్ల వచ్చిన ఇబ్బంది. దాని కోసం మా చుట్టుపక్కలున్న ఉదయగిరినీ ఆత్మకూరునీ జరిపితే, జనవరిలో ఇక్కడ 6 గంటల 40కి పొడిచే పొద్దు 7 గంటల 10కి పొడుస్తుంది. ఇంకా పడమరనున్న కచ్ వాళ్ళ మాట అడగనే వద్దు.

'బడి ఒక వేళ, ఆఫీసు ఒక వేళ, బస్సు ఒక వేళ మార్చుకుంటే గందరగోళం, ముల్లు తిప్పితే అందరూ ఒక్కసారే మారతారు' అన్నది ఇంకో వాదన. వాటన్నిటిలోకీ బలమైనది ఇదే. అందరూ నిజంగా మారితే నేనూ ఒప్పుకునేదాన్ని. మా సంగతి మాకు తెలుసు. బస్సు తప్పిపోకుండా నన్ను ఐదు నిమిషాలు ముందు పెట్టని ఇల్లు లేదు, ఆ ఐదు నిమిషాలు మనసులోనే తీసేసుకుని తీరిగ్గా బయల్దేరనివాళ్ళూ లేరు. ఆలస్యమైతే తిట్లు మాత్రం నాకు. ఊరి లెక్కలో జరిగేదే దేశం లెక్కలోనూ జరుగుతుందనడానికి శ్రీలంక ఉంది. మనలాగే భూమధ్యరేఖకు దగ్గరి దేశం. కరువొచ్చి కరెంటు చాలక 1996 మేలో గడియారాన్ని గంట ముందుకు జరిపారు, అదే ఏడాది అక్టోబరులో అరగంట వెనక్కి లాగారు, 2006 ఏప్రిల్లో ఆ అరగంటా వదిలేసి మన కాలానికే వచ్చారు. ఆ పదేళ్ళూ ముహూర్తం చెప్పినా, రమ్మని పిలిచినా పాత టైమా, కొత్త టైమా అని అడగాల్సి వచ్చింది. తమిళ పులుల అధీనంలో ఉన్న ప్రాంతం అసలు మారనేలేదు.

ఏఎస్ పేటలో అయితే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఇక్కడ సగం బతుకు నన్ను చూసి నడవదు. ఖాజా రహమతుల్లా నాయబే రసూల్ దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ఊరిది. మగ్రిబ్ నమాజు పొద్దు గూకాకే, నా పెద్దముల్లు ఎక్కడున్నా సరే. పంచాంగంలో రాహుకాలం పగటి పొడుగును బట్టి లెక్క. పాలిచ్చే గేదె సంగతి చెప్పనక్కర్లేదు. మొరాకో 2018 నుంచి ఏడాదంతా గంట ముందున్న కాలం పెట్టుకుంది, కాని రంజాన్ నెల రాగానే ఉపవాసాల కోసం దేశం మొత్తం ముళ్ళు వెనక్కి తిప్పి, నెల అయ్యాక మళ్ళీ ముందుకు తిప్పుతుంది. మనం ఏం చేస్తున్నాం? రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందే ఇంటికి వెళ్ళొచ్చని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తుంది, పని అయిపోతుంది. ఎండలు ముదిరితే ఒంటిపూట బడులు పెట్టి పొద్దున 7 గంటల 45కే గంట కొడుతున్నారు. ఇవి రెండూ వేళను మార్చడమే, కాలాన్ని మార్చడం కాదు. అవసరం ఉన్నవాళ్ళకే, అవసరం ఉన్నన్నాళ్ళే మార్పు. ఒక్క రాష్ట్రంలోనే ఇచ్ఛాపురం మధ్యాహ్నానికీ మన మధ్యాహ్నానికీ దాదాపు 20 నిమిషాల తేడా ఉన్నప్పుడు ఇంతకంటె తెలివైన పద్ధతి నాకు తోచడం లేదు.

ఫోన్లు వాటంతటవే మారతాయి కదా, ఎవరికి కష్టం అంటారు. నిజమే. ఆ ఫోన్లు వచ్చాకే నన్ను గోడ దించారు. ఎండాకాలం లోలకం కడ్డీ సాగి రోజుకు కొన్ని సెకన్లు వెనకబడతాను, చలికాలం అంతే ముందుకు పోతాను. ఆ కొన్ని సెకన్లకే పనికిరానిదాన్నయ్యాను. ముందు కీ ఇవ్వడం మానేశారు, తర్వాత కీ ఎక్కడుందో మరిచారు, ఆ తర్వాత పెట్టెలో అగ్గిపెట్టెలూ కరెంటు బిల్లులూ దాచుకున్నారు. అటక ఎక్కించిన నాటి నుంచి లోలకం ఒక మూల, నేను ఒక మూల. బల్లులకు నా వెనక చోటు సుఖంగా ఉంది. పాత సామాన్లు కొనేవాళ్ళు వస్తే ఇందులో ఇత్తడి ఎంత తూగుతుందన్న మాట తప్ప, ఇది గంటలు కొడుతుందా అని అడిగినవాళ్ళు లేరు. సెకన్ల తప్పు ఓర్వలేనివాళ్ళు ఇప్పుడు నా జాతిని గంటకు గంట తప్పుగా నడవమంటున్నారు! పైగా గంటలు కొట్టే గడియారాన్ని వెనక్కి తిప్పితే కొట్టే లెక్క తప్పుతుంది, ఒక్కోసారి లోపలి మీట విరుగుతుంది. వెనక్కి జరపాలంటే లోలకం ఆపి గంటసేపు ఊరుకోవాలి. ఫోనుకు ఈ బాధలేవీ లేవు, ఒప్పుకుంటాను. కాని చీకట్లో సైకిలు తొక్కేది ఫోను కాదు, పిల్లలు. నవంబరు నుంచి జనవరి దాకా సాయంత్రం ఇంకాస్త వెలుగు కావాలంటే బడి గంట అరగంట ముందు కొట్టండి. ఒంటిపూట బడికి ఇచ్చినట్టే దీనికీ ఒక ఉత్తర్వు చాలు, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.